బండి వెనక పేరు

ఉప్పల్‌లోని ఆ రెండు గదుల ఇంట్లో పొద్దున్నే మల్లవ్వ చేసే మొదటి పని మనవరాలు ధనశ్రీ నీళ్ల సీసా నింపడం. రెండో తరగతి పిల్ల, పైగా ఒంటిపూట బడి. అయినా సీసా నిండుగా పోవాలి, ఖాళీగా ఇంటికి రావాలి. ఈ ఒక్క విషయంలో మల్లవ్వ మహా మొండి.

"సీసా మొత్తం తాగాలె. బాత్రూం వస్తే టీచర్‌ను అడిగి పో, షరమ్ పడకు," అంది జడకు రిబ్బను కడుతూ.

గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్న కొడుకు, సరుకుల డీసీఎం వ్యాను నడిపే దుర్గేష్ తలెత్తాడు. ఏడాదిగా తల్లితో ముక్తసరిగా తప్ప మాట్లాడనివాడు ఆ రోజు నోరు విప్పాడు.

"గీ మాట స్వర్ణకు చెప్పి ఉంటే నా బిడ్డకు తల్లి ఉండేది."

మల్లవ్వ చేతిలో రిబ్బను ఆగిపోయింది. పిల్ల ఇద్దరి ముఖాలూ చూసి, సంచి తగిలించుకుని, పక్కింటి పిల్లలతో కలిసి బడికి పోయింది.

అతనన్నదాంట్లో అబద్ధమేముంది? నాచారంలోని అట్టపెట్టెల కంపెనీలో అత్తాకోడళ్లిద్దరూ ఒకే రేకుల షెడ్డులో పనిచేసేవారు. బాత్రూం ఎక్కడో గోదాము అవతల. రెండోసారి లేస్తే సూపర్‌వైజర్ కసురుకునేవాడు. అందుకే కోడలు స్వర్ణలత చేరిన తొలిరోజే, తనకు పాతవాళ్లు చెప్పిన మాటే మల్లవ్వ ఆమెకూ చెప్పింది: "నీళ్లు జర తక్కువ తాగు బిడ్డా." ఆ మాట ప్రేమతోనే చెప్పింది, అదే ఖర్మ. నిరుడు మే నెలలో ఒక మధ్యాహ్నం స్వర్ణలత అట్టల మీదికి ఒరిగిపోయింది. వడదెబ్బ అన్నారు. దవాఖానాకు తేవడం ఆలస్యమైందన్నారు.

ఆమె పోయాక గానీ కంపెనీకి బుద్ధి రాలేదు. వేడి తగ్గేందుకు రేకులకు తెల్లరంగు వేశారు, షెడ్డులోనే బాత్రూం కట్టారు, గంటకోసారి నీళ్లు తాగమని గంట పెట్టారు. ఆ గంట మల్లవ్వే కొడుతుంది. ఆడవాళ్లంతా తాగేదాకా నిలబడి చూస్తుంది.

"వచ్చే నెల కాప్రాల రూం తీసుకుంటున్న," అన్నాడు దుర్గేష్. "ధనశ్రీ నాతోని వస్తది. నువ్వు రాకు."

మల్లవ్వ అతని చెయ్యి పట్టుకుంది. "నాదే తప్పు బిడ్డా. నేనే పొట్టన పెట్టుకున్న. నన్ను ఇడిచిపెట్టు, గని పిల్లను ఆదివారం పూటన్న సూడనియ్యి."

"ఊకె నాదే తప్పు అనకే అవ్వా!" దుర్గేష్ గట్టిగా అరిచి, గుమ్మంలోనే కూలబడ్డాడు. "నిన్న మీ కంపెనీకి సరుకు దించబోయిన. ఏ బండి ఏ టైముకు రావాల్నో ఇప్పుడు ఫోన్‌కు మెసేజ్ వస్తది గద. గేటు కాడ ఒక్క బండి లేదు. మెయిన్ రోడ్డుకు మూడే నిమిషాలు పట్టింది. మూడే నిమిషాలే అవ్వా!"

మల్లవ్వ వచ్చి అతని పక్కన కూర్చుంది.

"స్వర్ణ పోయిన దినం మీ గేటు కాడ లైన్ల ముప్పై బండ్లున్నయి. నా వంతు సాయంత్రానికి గని రాదని డీసీఎంను రోడ్డు మీదనే పెట్టి, తాళమేసి చాయ్‌కు పోయిన. ఫోను సుత అండ్లనే ఇడిచిన. నా బండి ఎనకనే స్వర్ణ ఉన్న ఆటో ఆగిందని తర్వాత తెలిసింది. చెప్పే దమ్ము లేక, అంతా నీ మీద ఏసిన."

"నాకెరుకే బిడ్డా."

దుర్గేష్ చప్పున ఆమె వైపు తిరిగాడు.

ఆ ఆటోలో కోడలి తల ఒడిలో పెట్టుకుని కూర్చున్నది మల్లవ్వే. ఎదురుగా బండి వెనక ఎర్రటి అక్షరాలతో 'ధనశ్రీ' అని ఉంది. పిల్ల పుట్టినప్పుడు మురిపెంగా రాయించుకున్న పేరు. స్వర్ణలత దినాలైన మర్నాడే దుర్గేష్ దాని మీద నీలిరంగు పూసేశాడు. ఎందుకని మల్లవ్వ అడగలేదు.

"ఎరుకై ఉండి, ఏడాది సంది నా మాటలు పడ్డవా?"

"నా మీద కోపముంటెనన్న నువ్వు బతుకుతవనుకున్న. నీ మీద నీకే కోపమొస్తే ఎట్ల?"

దుర్గేష్ తల్లి ఒడిలో తలపెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏడ్చి ఏడ్చి, చివరికి అడిగాడు. "ఆటోల స్వర్ణ ఏమన్న అన్నదా?"

అంది. మూతలు పడుతున్న కళ్లు తెరిచి, ఆ అక్షరాలు చదువుకుని, నవ్వింది. "మన బండే అత్తమ్మా! ఆయనున్నడు, తీస్తడు," అంది. ఎవరూ తీయలేదు. ఇరవై నిమిషాల తర్వాత వేరే దారిన పోదామని ఆటోను వెనక్కి తిప్పేదాకా ఆ పిచ్చితల్లి ఆ పేరు వైపే చూస్తూ ఉంది.

"ధనశ్రీ అన్నది బిడ్డా," అంది మల్లవ్వ, కొడుకు తల నిమురుతూ. "బిడ్డ పేరే తలుసుకున్నది."

దుర్గేష్ కళ్లు తుడుచుకున్నాడు. "కాప్రాకు పోతలేనే. బండి మీద ఆ పేరు మళ్ల రాపిస్త."

"రాపియ్యి."

అతను లేచి, కుండలోంచి చెంబెడు నీళ్లు ముంచి తెచ్చాడు. "నువ్వు సుత తాగవే," అన్నాడు. ఏడాదిగా అందరికీ గంట కొట్టి, తాను మాత్రం షెడ్డులో గుక్కెడు తాగని మల్లవ్వ చెంబు అందుకుంది. కొడుకు చూస్తుండగా, కోడలి ఆఖరి మాటను ఆ నీళ్లతో పాటే మింగేసింది.