వేడినీళ్ల తొట్టి

భోజనాల బెల్లు మోగింది. పిల్లలంతా బిలబిలమంటూ బయటికి పరిగెత్తారు. గోరింక మాత్రం మెల్లగా సైన్సు ల్యాబ్‌లోకి దూరింది.

గోరింక ఆ పిల్ల అసలు పేరు కాదు. పొద్దస్తమానం గలగలా మాట్లాడుతుందని క్లాసంతా అలా పిలుస్తారు. దాని నోట్లో నువ్వుగింజ నానదని వాళ్లమ్మ కూడా అంటుంది.

ల్యాబ్‌లో కిటికీ పక్కన రెండు గాజు తొట్టెలున్నాయి. రెండింటిలోనూ చిన్న చిన్న నత్తలు. ఒక తొట్టిలో మామూలు నీళ్లు. రెండోదాంట్లో హీటర్ పెట్టి నీళ్లు వేడిగా ఉంచుతున్నారు. ఎండలు ముదిరి చెరువు వేడెక్కితే ఈ నత్తలు గుడ్లు పెట్టడం తగ్గుతుందా, లేదా? అదీ ప్రశ్న. దాన్ని తేల్చే పని గోరింకకీ, కళ్లజోడు అని అంతా పిలిచే ఆమె స్నేహితుడికీ అప్పగించారు.

"ఇవి మన దగ్గర పుట్టిన నత్తలు కావు," అని సైన్సు మేడం ముందే చెప్పారు. "ఎవరో అక్వేరియంలో పెంచుకుని, విసుగొచ్చి కాలువలో పారబోశారు. ఇప్పుడు చెరువు నిండా ఇవే. నీటి మొక్కలన్నీ తినేస్తున్నాయి. ఇక్కడి నత్తలకి తిండి మిగలడం లేదు."

గోరింక వేడినీళ్ల తొట్టిలోకి తొంగి చూసింది. నత్తలు నీళ్లలో లేవు. గాజు మీద పాకి, అంచుదాకా వచ్చి, గుల్లల్లోకి ముడుచుకుపోయాయి. పక్క తొట్టి గాజుకి మాత్రం జెల్లీ చుక్కల్లా గుడ్లు అంటుకుని ఉన్నాయి.

'పాపం, ఇవేమైనా కావాలని వచ్చాయా?' అనుకుంది గోరింక. అటూ ఇటూ చూసి హీటర్ తగ్గించేసింది. మర్నాడు పొద్దున్నే అందరికంటే ముందొచ్చి మళ్లీ పెంచింది.

ఆ రోజు నుంచి రోజూ అదే పని. కళ్లజోడు థర్మామీటరు పెట్టేది పొద్దున పూట. అప్పటికి నీళ్లు మళ్లీ వేడెక్కి ఉండేవి. అతనికి అనుమానమే రాలేదు. నత్తలు నీళ్లలోకి దిగాయి. గుడ్లూ పెట్టాయి. గోరింకకి లోపల్లోపల ఎంత సంతోషమో.

లెక్క చెప్పాల్సిన రోజు రానే వచ్చింది. కళ్లజోడు లేచి, రెండు తొట్టెల్లోనూ గుడ్లు దాదాపు సమానమేనని చెప్పాడు.

మేడం కనుబొమలు ముడిపడ్డాయి. "పక్క సెక్షన్ వాళ్లూ ఈ నత్తలతోనే చేశారు. వాళ్ల వేడి తొట్టిలో గుడ్లు బాగా తగ్గిపోయాయి. పెట్టిన కాసిని కూడా పిల్లలు కాలేదు. మీకే ఎందుకిలా వచ్చింది? థర్మామీటరు సరిగ్గా చూశావా బాబూ?"

"కళ్లజోడు మార్చుకోరా," అన్నారెవరో వెనక నుంచి. క్లాసంతా గొల్లుమంది.

కళ్లజోడు పక్కనే కూర్చున్న గోరింక పుస్తకంలోకి తల దించుకుంది. ఎప్పుడూ ఆగని నోరు ఆ పూట పెగల్లేదు.

క్లాసు అయ్యాక కళ్లజోడు ల్యాబ్‌లో ఒక్కడే నిలబడి థర్మామీటరు తుడుస్తున్నాడు. గోరింకని చూసి తల దించుకున్నాడు.

"గీతలు తప్పు చదివినట్టున్నాను. నీ కష్టం కూడా పాడుచేశాను. సారీ," అన్నాడు.

అతను తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

"నువ్వు సరిగ్గానే చదివావు," అంది గోరింక. "హీటర్ నేనే తగ్గించాను. రోజూ."

కళ్లజోడు తుడవడం ఆపేశాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "అందరూ నవ్వుతుంటే నువ్వు నా పక్కనే కూర్చున్నావు కదా."

థర్మామీటరు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

గోరింక తిన్నగా స్టాఫ్ రూముకి వెళ్లి మేడంకి అంతా చెప్పేసింది.

"ఎందుకు తగ్గించావమ్మా?" అని అడిగారు మేడం.

"నీళ్లలో ఉండలేక పైకి పాకుతున్నాయి మేడం. చూడలేకపోయాను."

మేడం కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. "పైకి పాకడం నేనూ చూశాను. వాటికి ఎంతవరకు పరవాలేదో ముందే ఆలోచించాల్సింది నేను. నువ్వు అడిగుంటే అప్పుడే ఆలోచించేదాన్ని."

"మళ్లీ మొదలుపెట్టొచ్చా మేడం? ఈసారి కొన్నాళ్లే వేడి. తర్వాత చల్లటి నీళ్లలోకి మారిస్తే, మళ్లీ గుడ్లు పెడతాయేమో చూడాలి."

"ఇది పక్క సెక్షన్ వాళ్లకి తట్టలేదే," అన్నారు మేడం. "అలాగే చేద్దాం. చెరువులో మాత్రం వదలకూడదు. చివరిదాకా తొట్టిలోనే ఉంటాయి."

మర్నాడు గోరింక క్లాసు ముందు నిలబడి, తప్పు తనదేనని చెప్పింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. కళ్లజోడు మాత్రం ఆమె వైపు చూడలేదు.

పని మళ్లీ మొదలైంది. అసలే నత్తలు, ఆపైన మాటల్లేవు. రోజులు నత్తనడక నడిచాయి. కళ్లజోడు పొద్దున వచ్చి వేడి చూసుకుని పోయేవాడు. అవసరమైతే ఒక ముక్క, లేకపోతే అదీ లేదు.

ఒక మధ్యాహ్నం గోరింక మేత వేయడానికి వెళ్లింది. నత్తలు మళ్లీ అంచుదాకా పాకేశాయి. చెయ్యి తనంతట తానే హీటర్ వైపు వెళ్లింది. వెంటనే వెనక్కి తీసుకుంది.

కిటికీలోంచి తల బయటపెట్టి, మైదానంలో ఆడుతున్న కళ్లజోడుని పిలిచింది.

"ఒకసారి రావా? నత్తలు పైకి పాకుతున్నాయి. ఇద్దరం వెళ్లి మేడంని అడుగుదాం."

కళ్లజోడు బ్యాటు పక్కవాడికిచ్చి, రొప్పుతూ లోపలికి వచ్చాడు. తొట్టిలోకి వంగి చూశాడు.

"హీటర్ ముట్టుకున్నావా?"

"లేదు."

థర్మామీటరు చేతికందేంత దగ్గర్లోనే ఉంది. కళ్లజోడు దాని జోలికి పోలేదు.

"పద, మేడం ఇప్పుడు స్టాఫ్ రూములోనే ఉంటారు," అన్నాడు.