గేటు తాళం

ఇటెన్ అనే ఆ కొండ ఊళ్లో ఆ ఉదయం కూడా మామూలుగానే తెల్లవారింది. జెప్లెటింగ్ ఎర్రమట్టి దారిలో పరుగు ముగించుకొని వచ్చి, తల్లి కాచిన పాల టీ తాగి, వెనక గదిలో నడుం వాల్చింది. మారథానే బతుకుతెరువైన వాళ్లకు పరుగెంతో ఆ నిద్రా అంతే. కానీ కొన్నాళ్లుగా ఆమెకు కన్ను మూతపడడం లేదు.

పరుగు పెంచే దొంగమందులు వాడుతున్నారేమోనని రక్తం పరీక్షించేవాళ్లు చెప్పాపెట్టకుండా వస్తారు. ఈ నిద్రపోయే గంట ఇంట్లోనే ఉంటానని ఆమే వాళ్లకు రాసిచ్చింది. అయినా రెండుసార్లు మనిషి లేదని రాసుకుపోయారు. మూడోసారీ అలాగే అయితే రెండేళ్లు పరుగు బంద్. ముప్పై దాటిన కాళ్లకు రెండేళ్లంటే ఇక అంతే సంగతులు. "తప్పు చెయ్యనిదానికి దాక్కోవడం దేనికో?" అని తోటి రన్నర్లు అప్పుడే గుసగుసలు మొదలెట్టారు. ఇంట్లో ఉన్న మనిషి లేకుండా ఎలా పోయిందో ఎంత ఆలోచించినా ఆమెకు అంతుపట్టలేదు.

ఇనప గేటు చప్పుడైంది. ఉత్తకాళ్లతోనే వాకిట్లోకి పరుగెత్తింది.

గేటు దగ్గర తల్లి తాప్కిగెన్ ఎవరితోనో అంటోంది.

"లేదమ్మా. పొద్దున్నే ఎల్డోరెట్ పోయింది. ఎప్పుడొస్తుందో నాకేం తెలుసు?"

జెప్లెటింగ్ గేటు దాకా వచ్చింది.

"అమ్మా! ఆ రెండుసార్లూ నువ్వేనా?"

తాప్కిగెన్ ఉలిక్కిపడి తిరిగింది. తాళంచెవి పిడికిట్లో బిగించి, గేటుకు వీపు ఆనించింది.

"లోపలికి పో. నువ్వు లేవని చెప్పాను."

"నా నోట్లో మట్టి కొట్టావు కదమ్మా! ఏం, నేను మందు మింగాననుకున్నావా?"

"ఛీ, నోర్ముయ్! నా కడుపున పుట్టినదాని సంగతి నాకు తెలీదా?"

"మరెందుకు?"

ముసలామె గేటును వదల్లేదు. "మీ నాన్నకీ ఆసుపత్రిలో ఇలాగే సీసాల్లోకి రక్తం తీశారు. చిన్న పరీక్షే అన్నారు. సాయంత్రానికి దుప్పటి కప్పి ఇచ్చారు. పరుగెత్తి పరుగెత్తి పుల్లలా అయ్యావు, ఉన్న కాస్త రక్తమూ వీళ్లకి ధారపోస్తావా? పరుగు పోతే పోనీ. ఆవులున్నాయి, మొక్కజొన్న ఉంది. నువ్వు పోతే నాకెవరున్నారే?"

కోపం మరిచి జెప్లెటింగ్ తల్లి భుజం మీద చెయ్యి వేసింది.

"ఇప్పటికి ఎన్నిసార్లిచ్చానో నాకే లెక్కలేదమ్మా. పరాయి దేశాల్లో, హోటల్ గదుల్లో. ఇచ్చిన ప్రతిసారీ నీ దగ్గరికే తిరిగొచ్చాను. నువ్వు బెంగపడతావని చెప్పలేదు."

"నిజంగా?"

"నీ మీద ఒట్టు."

బయట కారు తలుపు వేసిన చప్పుడైంది. వెళ్లిపోతున్నారు!

"ఉన్నాను! ఇక్కడే ఉన్నాను!" జెప్లెటింగ్ గేటు రేకును రెండు చేతులా బాదింది. తాప్కిగెన్ తాళం తీయబోయింది గానీ వేళ్లు మాట వినలేదు. కూతురు ఆ చేతిని తన చేతిలోకి తీసుకుని తాళం తిప్పింది.

మెడలో కార్డు వేసుకున్న అమ్మాయి కుడిచేతికి సూది గుచ్చుతుంటే, తాప్కిగెన్ ఎడమచేతిని పట్టుకుని కళ్లు గట్టిగా మూసుకుంది. అంతా అయిపోయిందని చెప్పినా తెరవలేదు.

"చూడమ్మా, బతికే ఉన్నాను."

ఆమె కళ్లు తెరిచి, కూతురి ముఖం తడిమి తడిమి చూసి, భోరున ఏడ్చింది. ఆ తర్వాత, పోయిన రక్తం పట్టాలని ముంతెడు పులియబెట్టిన పాలు తెచ్చి, చివరి గుక్క దాకా తాగించింది.

మర్నాడు జెప్లెటింగ్ ఒళ్లెరగకుండా నిద్రపోతోంది. తాప్కిగెన్ గేటు బార్లా తెరిచి, దాని పక్కనే పీట వేసుకుని కూర్చుంది. పాలు కొనేవాడు క్యాన్లతో వచ్చి గుమ్మంలో ఆగాడు.

"రక్తానికేనా నాయనా? ఉంది, ఇంట్లోనే ఉంది. రా, లేపుతాను" అంది.