వాకిట్లో బొరియలు

ఎర్రటి పుల్లటి పళ్ళు కాసే అసెరోలా పొద కింద మోకాళ్ళ మీద కూర్చుని జాసీరా రాలిన పూలు ఏరుతోంది. మధ్యాహ్నం ఒంటిగంటయింది. బడి నుంచి వచ్చి గంటయినా యూనిఫాం మార్చుకోలేదు. అమ్మ మూతపెట్టి వెళ్ళిన బీన్సూ అన్నమూ ముట్టుకోలేదు.

మొన్నటిదాకా పొద నిండా గులాబీ రంగు పూలు. ఇప్పుడు కొమ్మకొమ్మకీ వెతికినా, ఎండిన తొడిమలు తప్ప ఒక్క పిందె లేదు. పిందె లేకపోతే పండు లేదు. పండు లేకపోతే జూస్ లేదు. జూస్ లేకపోతే రేపు క్లాసులో ఏ మొహం పెట్టుకుని కూర్చోవాలి?

ఆ జూస్ సంగతి చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

జాసీరా, వాళ్ళమ్మ ఫిబ్రవరిలో ఈ ఊరు వచ్చారు. అమ్మ హెల్త్ సెంటర్లో నర్సు. పొద్దున్నే వెళితే చీకటి పడ్డాకే రాక. క్లాసులో ఇరవై ఎనిమిది మంది పిల్లలు, అందరూ ఒకరికొకరు చిన్నప్పటి నుంచీ తెలిసినవాళ్ళే. జాసీరాని ఎవరూ తిట్టలేదు, ఎవరూ కొట్టలేదు. అసలు ఎవరూ పట్టించుకోలేదు. నిజం చెప్పొద్దూ, ఒక్కోసారి ఎవరైనా తిట్టినా బాగుండునని అనిపించేది ఆ పిల్లకి.

మే నెల మొదట్లో మాత్రం ఒక్కసారి క్లాసులో అమ్మాయి రొజిల్డా ఇంటికి వచ్చింది, సైన్స్ నోట్సు కోసం. వాకిట్లో అడుగుపెట్టగానే ముక్కు చిట్లించింది.

"ఇదేంటే, వాకిలంతా బొరియలు! ఎలుకలతో కాపురం చేస్తున్నారా మీరు?"

నోట్సు తీసుకుని, కూర్చోకుండానే వెళ్ళిపోయింది.

పొదకి కాస్త ఎడంగా, ఎండ బాగా తగిలే చోట, వేలు పట్టేంత బొరియలు పాతికదాకా ఉండేవి. ఆ ఊళ్ళో మట్టి వాకిలి నున్నగా ఊడ్చి ఉంచుకోవడమంటే ఇంటి పరువు. గడ్డిపోచ కనిపించినా నలుగురూ నాలుగు మాటలంటారు. జాసీరాకి సిగ్గుతో చచ్చినంత పనయింది. ఆ శనివారమే బొరియల్లో మట్టి కూరింది, బకెట్లతో నీళ్ళు పోసింది, తొక్కి తొక్కి చదును చేసింది. వాకిలి అద్దంలా తయారైంది.

రొజిల్డా మళ్ళీ వస్తుందని వారం రోజులు గేటు వైపే చూసింది. రొజిల్డా రాలేదు. నోట్సూ రాలేదు.

తర్వాత మంచి వాన పడి పొద విరగబూసింది. అదే వారం ఒడేత్ టీచర్ బడిలో జరిగే జూన్ పండగకి ఎవరేం తెస్తారని అడిగింది. ఒకడు మొక్కజొన్న కేక్ అన్నాడు, ఒకమ్మాయి పల్లీ మిఠాయి అంది. జాసీరా లేచి నిలబడింది.

"మా పొద అసెరోలాతో జూస్ తెస్తా టీచర్. అందరికీ!"

ఇరవై ఎనిమిది తలలూ ఆమె వైపు తిరిగాయి. టీచర్ బోర్డు మీద రాసింది: జాసీరా, అసెరోలా జూస్. ఆ రోజంతా ఆ పిల్ల కాళ్ళు నేల మీద నిలవలేదు.

ఇప్పుడేమో ఒళ్ళో ఎండిన పూలు.

"ఏరి దండ గుచ్చుతావా ఏంటే పిల్లా?"

తడికె అవతల నుంచి పక్కింటి ముసలావిడ, ఊరంతా గౌరవంగా దోనా అర్మిందా అని పిలిచే ఆవిడ, చేతిలో కాఫీ గ్లాసుతో తొంగి చూస్తోంది. నాలుగు నెలల్లో ఆవిడ పలకరించడం ఇదే మొదటిసారి.

"కాయలు కాయడం లేదు" అంది జాసీరా.

"నాదీ అంతే. పూసింది పూసినట్టే రాలిపోయింది. ఉండు, వస్తున్నా."

ఆవిడ వచ్చి, కొమ్మకి ఇంకా మిగిలిన ఒక పువ్వు కోసింది. అంచులు కుచ్చుల్లా ఉన్న అయిదు రేకులు. దాన్ని తలకిందులు చేసి చూపించింది. రేకుల కింద చుట్టూ పది పచ్చటి గింజల్లాంటివి ఉన్నాయి.

"గోరుతో నొక్కు."

జాసీరా నొక్కింది. వేలికి జిడ్డు అంటింది.

"నూనె!"

"ఆఁ. ఈ పువ్వులో తేనె ఉండదు. నూనె కోసం ఒక బొద్దు తుమ్మెద వస్తుంది. ఈ పై రేకుని నోటితో పట్టుకుని, కాళ్ళతో నూనె గీరుకుంటుంది. అప్పుడే దాని పొట్టకి పుప్పొడి అంటుకుని, ఇంకో పువ్వుకి చేరుతుంది. తుమ్మెద రాకపోతే పువ్వు రాలిపోవడమే."

"మరి ఎందుకు రాలేదు?"

"అదే నాకూ తెలీడం లేదు. రోజూ పొద్దున్నే వాటి రొద వింటూ కాఫీ తాగేదాన్ని. నెల రోజులుగా చప్పుడే లేదు. అవి నేలలో బొరియలు చేసుకుంటాయిలే. ఎక్కడో ఇక్కడే ఉండేవి."

జాసీరా ఒళ్ళోని పూలన్నీ కింద పడిపోయాయి.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. కానీ ఆవిడ కాఫీ గ్లాసు వైపు చూశాక ఊరుకోలేకపోయింది.

"నేనే పూడ్చేశా. తొక్కేశా. ఎలుకలవి అనుకున్నా... లేదు, అనుకోలేదు. మా క్లాసు రొజిల్డా ఎగతాళి చేసిందని."

దోనా అర్మిందా తిట్టలేదు. చదునైన నేల వైపు చాలాసేపు చూసింది. ఆ చూపు కంటే నాలుగు తిట్లే నయమనిపించింది జాసీరాకి.

"లోపల పిల్లలున్నాయా?"

"ఉండొచ్చు. తల్లి ఒక్కో అరలో నూనే పుప్పొడీ కలిపిన ముద్ద పెట్టి, గుడ్డు పెట్టి మూసేస్తుంది. పెద్దయ్యాక అవే తవ్వుకుని బయటికి రావాలి."

"ఒక్కొక్కటే?"

"ఒక్కొక్కటే. వీటికి రాణీ లేదు, దండూ లేదు. దేని ఇల్లు దానిదే."

"పక్కపక్కనే ఉండి కూడా మాట్లాడుకోవా?"

"నన్నడుగుతావేంటి? నువ్వూ నేనూ ఎన్నాళ్ళకి మాట్లాడుకున్నాం?" అంది ఆవిడ.

ఆ సాయంత్రం ఇద్దరూ గట్టిపడ్డ పైమట్టిని చిన్న పుల్లలతో మెల్లగా గుల్ల చేశారు. చుట్టూ ఇటుకలు పేర్చారు. అంతకంటే చేయగలిగింది లేదని ఆవిడ చెప్పింది.

మర్నాడు క్లాసులో జాసీరా లేచి నిలబడింది. వానకి పూలు పోయాయని చెబితే అందరూ నమ్మేవారే. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"జూస్ తేలేను టీచర్. తుమ్మెదల ఇళ్ళు నేనే పూడ్చేశాను. అందుకే కాయలు లేవు."

"జూస్ మహారాణి!" అని వెనక బెంచీ నుంచి ఎవడో అరిచాడు. అందరూ నవ్వారు. టీచర్ వాళ్ళని గదిమి, బోర్డు మీద జూస్ అన్న మాట చెరిపేసి, కప్పులు అని రాసింది. పండగ రోజు అందరూ గడ్డి టోపీలు పెట్టుకుని చిందులేస్తుంటే, జాసీరా కాగితం కప్పులు అందిస్తూ నిలబడింది. కప్పు తీసుకున్నవాళ్ళెవరూ ఆమె మొహం వైపు చూడలేదు.

రోజూ మధ్యాహ్నం ఇటుకల పక్కన కూర్చునేది. చీపురు అటు తీసుకెళ్ళేది కాదు. జులైలో ఒక రోజు, గుల్ల మట్టిలో ఒక్క బొరియ కనిపించింది. ఒక్కటే. దాని చుట్టూ తాజా మట్టి.

ఇంతలో గేటు చప్పుడైంది. రొజిల్డా.

"నీ నోట్సు. మా అమ్మ ఇచ్చి రమ్మని ఒకటే సతాయింపు" అంటూ తిన్నగా ఇటుకల మీదుగా కాలెత్తింది.

"ఆగు! అక్కడ అడుగు పెట్టకు!"

రొజిల్డా కాలు గాల్లో ఆగింది. "ఏం? నీ ఎలుక కరుస్తుందా?"

ఇప్పుడు కోపం వచ్చి వెళ్ళిపోతే ఈ పిల్ల ఇక జన్మలో రాదు. అయినా జాసీరా బొరియకి అడ్డంగా వెళ్ళి నిలబడింది.

"ఎలుక కాదు, తుమ్మెద. తొక్కితే చచ్చిపోతుంది. చుట్టూ తిరిగి రా. లేదంటే నోట్సు అక్కడి నుంచే విసిరెయ్."

రొజిల్డా గేటు వైపు చూసింది, బొరియ వైపు చూసింది.

"నువ్వు క్లాసులో చెప్పిన తుమ్మెదేనా? ఎప్పుడొస్తుంది బయటికి?"

"తెలీదు. రోజంతా రాకపోవచ్చు కూడా."

రొజిల్డా చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. ఇటుకల చుట్టూ తిరిగి వచ్చి, జాసీరా పక్కన నేల మీద కూర్చుంది.