ఐదో అంతస్తు పైన రెండు తలలది

ఆ అపార్టుమెంటులో ఐదో అంతస్తు దాటాక వచ్చే మెట్లకి మంచి పేరు లేదు. బల్బు పెట్టిన రెండో రోజుకే ఆరిపోతుంది. రాత్రిళ్లు "ష్... ష్..." అని వినిపిస్తుంది. వాచ్‌మన్ అయితే కళ్లారా చూశానన్నాడు. రెండు తలలట! ఒకటి ఉండాల్సిన చోటే ఉంది... రెండోది గుండెల మీద! అప్పట్నుంచి అతను పైకి వెళ్లాలంటే లిఫ్టే. లిఫ్టు చెడిపోతే అసలు వెళ్లడు.

నాలుగో అంతస్తులో ఉండే దర్జీకి ఏం జరిగిందో చెబుతా వినండి. అతని నోట విన్నదే, ఉప్పూకారం నేనేం కలపలేదు.

దర్జీకి నెలన్నర కొడుకు. పగలంతా బుద్ధిమంతుడే. రాత్రి ఒంటిగంట అయిందా, ఇల్లు ఎగిరిపోయేలా రాగం తీస్తాడు. భార్యకి ఆపరేషన్ కుట్లు ఇంకా మానలేదు, పైగా జ్వరం. "ఈవిడ నిద్రపోవాలి, మీరేం చేస్తారో నాకు తెలీదు" అంది డాక్టరమ్మ. అలా రాత్రి డ్యూటీ మొత్తం దర్జీ నెత్తిన పడింది.

అతనికున్న దిక్కల్లా ఫోన్లో ఓ గ్రూపు. పేరు 'కునుకు కరువు నాన్నలు'. అక్కడ ఎవరి పేరూ, ఇల్లూ అడక్కూడదు. బాధ మాత్రం దాచకూడదు. రాత్రి మేలుకున్నవాడు ఒక చుక్క పెడతాడు, మేలుకున్న ఇంకొకడు తిరిగి ఇంకో చుక్క పెడతాడు. నువ్వొక్కడివే కాదురా నాయనా అని దానర్థం. దర్జీ అక్కడ 'కత్తెర'. రోజూ అతనికి చుక్క పెట్టేవాడు 'ఆవలింత'.

ఆ రాత్రి కత్తెర చుక్కతో ఆగలేదు.

"అన్నా, ఇందాక పిల్లాణ్ణి మంచమ్మీద విసిరినంత పని చేశాను. వాడికేం కాలేదు. కానీ నా చేతులంటే నాకే భయంగా ఉంది."

ఆవలింత వెంటనే రాశాడు. "వాణ్ణి ఉయ్యాల్లో పడుకోబెట్టి కాసేపు గది బయట నిలబడు తమ్ముడూ. నేనూ అలాగే నిలబడ్డా. తర్వాత ఎత్తుకుని మెట్లెక్కు. మా పాపకి మెట్లే మందు."

"మా మెట్ల మీద దెయ్యం ఉందంటన్నా..."

"మా దగ్గరా ఉందిలే! నీ కొడుకు రాగం వింటే అదే పారిపోతుంది."

చాలా రోజులకి దర్జీకి నవ్వొచ్చింది. కాసేపు బయట నిలబడి, పిల్లాణ్ణి ఎత్తుకుని బయల్దేరాడు. నాలుగు... ఐదు... ఆ పైన కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. పిల్లాడు ఠక్కున ఏడుపాపేశాడు.

అప్పుడు వినిపించింది.

"ష్... ష్... ష్..."

పైనుంచి ఏదో దిగుతోంది. ఒక్కో మెట్టూ... నెమ్మదిగా... కిటికీలోంచి వీధి దీపం వెలుగు పడేచోట ఆగింది. రెండు తలలు! గుండెల మీది తల ఇటు తిరిగి, కళ్లు తెరిచింది.

దర్జీకి పైప్రాణాలు పైనే పోయాయి. కాళ్లు కదలవు. కానీ ఏ చేతులంటే భయపడ్డాడో, ఆ చేతులే కొడుకుని గుండెకి అదుముకున్నాయి. దెయ్యానికి వీపు పెట్టి, బిడ్డని గోడ వైపు దాచేశాడు.

"నన్నేం చేసినా సరే... నా కొడుకు జోలికి రావద్దు..." అని గొణిగాడు. ఒక చేత్తో ఫోన్ తీసి గ్రూపులో ఒక చుక్క నొక్కాడు.

టింగ్!

మోగింది దెయ్యం జేబులో.

"కత్తెరా...?" అంది దెయ్యం.

గుండెల మీద సంచీలో కట్టుకున్న ఆ రెండో తల మా పాపది. మొదటిది నాది. ఏడో అంతస్తులో ఉంటాను. మా మెట్ల దెయ్యం నేనేనని నాకు ఆ రాత్రే తెలిసింది!

దర్జీ మెట్ల మీద కూలబడి భోరున ఏడ్చాడు. పక్కనే కూర్చున్నాను.

"ఏవయ్యా, ఇవేనా నువ్వు భయపడ్డ చేతులు? దెయ్యం ఎదురొచ్చినా బిడ్డని వదల్లేదు కదా!"

అతను చాలాసేపు తన చేతులకేసే చూసుకున్నాడు. తర్వాత పిల్లాణ్ణి నా ఒళ్లో పెట్టి, గోడకి ఆనుకుని నిద్రపోయాడు.

వాచ్‌మన్ ఇప్పుడు అక్కడ నాలుగు తలలున్నాయంటున్నాడు. అననివ్వండి. ఆ బల్బు వదులు చేసేది కూడా నేనే. వెలుతురుంటే మా పాప పడుకోదు మరి!