కురవి రోడ్డులో వెలగని బ్రేకు లైటు

ఆ శుక్రవారం మధ్యాహ్నం దాకా మిథున్‌కు తన కారు వెనక లైట్లంటే మహా గర్వం.

ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న ఎల్‌ఈడీ లైట్లవి. నర్సింహులపేటలో ఇంటి ముందు కూర్చుని, పాత బల్బులు పీకేసి, తన చేతులతో తానే బిగించుకున్నాడు. మెకానిక్ గడప తొక్కకుండా పని అయిందని తల్లి సరోజన ముందు కాస్త కాలరు కూడా ఎగరేశాడు. వ్యవసాయ శాఖలో ఉద్యోగం, ఊళ్లు తిరిగే పని. పోయిన చోటల్లా కారు దిగి, నాలుగడుగులు వెనక్కి నడిచి, ఆ లైట్లను ఓసారి చూసుకోనిదే అతనికి తోచేది కాదు.

ఆ లైట్లను అంతే శ్రద్ధగా చూసిన రెండో మనిషి మాత్రం, ముందుగా వాటిని గుద్దింది.

కురవి దాటాక మేకల మంద రోడ్డెక్కింది. మిథున్ బ్రేకు తొక్కాడు. వెనక ధడేలుమని చప్పుడు. దిగి చూస్తే ఒక స్కూటీ పక్కకు పడి ఉంది. పక్కనే మట్టిలో ఒక అమ్మాయి, కుడి మణికట్టును ఎడమ చేత్తో పట్టుకుని, అతని కారు వెనక భాగాన్ని కన్నార్పకుండా చూస్తోంది.

"దెబ్బ తాకిందా మేడం?" మిథున్ పరుగున దగ్గరికొచ్చాడు.

"గది తర్వాత. నువ్వు బ్రేకు తొక్కినవా, లేదా?"

"తొక్కిన! తొక్కితెనే గదా బండి ఆగింది."

"మరి లైటేది?"

"పెట్టిన గదా. కొత్తయి. ఎల్‌ఈడీ."

"పెడితె సాలదు, ఎలగాలె గదా! పోయి లోపల కూసో. నేను తొక్కుమన్నప్పుడు తొక్కు."

అతను బుద్ధిగా పోయి కూర్చున్నాడు. తొక్కమంటే తొక్కాడు, వదలమంటే వదిలాడు. అద్దంలో ఆమె ముఖం కనిపిస్తోంది. నొప్పికి పళ్లు బిగపట్టి ఉంది, కళ్లు మాత్రం పరీక్షలో కష్టమైన లెక్క దొరికిన పిల్లలా మెరుస్తున్నాయి. తర్వాత డిక్కీ తెరిపించి, లోపల తొంగి చూసి, అతను చుట్టిన నల్ల టేపును వేలితో తాకింది.

"గీ రెండు వైర్లు ఎందుకు మార్చినవ్?"

మిథున్ ఉలిక్కిపడ్డాడు. మార్చినట్టు ఆమెకెలా తెలిసింది?

"ముందుగాల ఒక లైటు ఎలగలే. రెండు దిక్కుల గా రెండు వైర్లు అటిటు మార్చిన. ఎలిగింది."

"మీకు బోరు మోటరున్నదా?"

"ఉన్నది."

"అది ఉల్టా తిరిగితే ఏం చేస్తవ్?"

"రెండు వైర్లు మార్చి పెడత."

"చూసినవా! బాయికాడి పని తెచ్చి కారుకు చేసినవ్!" అంత నొప్పిలోనూ ఆమె పగలబడి నవ్వింది.

పొలం కరెంటుతో పెరిగిన వాళ్లందరికీ ఈ విద్య వస్తుంది. మోటరుకు అది తిరుగులేని వైద్యం. కారు లైటుకు మాత్రం కాదు. మిథున్ చేతి చలవ వల్ల, చీకట్లో బండి ఉందని వెనకవాళ్లకు చెప్పే మసక వెలుతురు బ్రేకుకు వచ్చింది, బ్రేకుకు రావాల్సిన ధగధగ వెలుగు రాత్రి లైట్లు వేసే స్విచ్చుకు పోయింది. మిట్టమధ్యాహ్నం ఎండలో ఆ మసక వెలుతురు ఎవరికి కనిపిస్తుంది?

"ఎనుక ఒక మనిషిని నిలబెట్టి చూసుకోవాలె. లోపల కూసొని తొక్కెటోనికి ఏం కనిపిస్తది?"

"ఒక్కన్నే ఉంటి," అన్నాడు మిథున్, నేల చూపులు చూస్తూ.

ఆమె పేరు కల్యాణి. దవాఖానకు పోయే దారిలో తెలిసింది. ఐటీఐ చదివింది. మహబూబాబాద్‌లో సోమనర్సయ్య అనే ఆయన దగ్గర మూడేళ్లుగా బండ్ల కరెంటు పని చేస్తోంది. ఇల్లు కురవి పక్కన తండాలో. ఎక్స్‌రే తీసిన డాక్టరు ఎముక విరగలేదని, నరం బెణికిందని, పది రోజులు ఆ చేత్తో ఏమీ పట్టుకోవద్దని పట్టీ కట్టాడు. రోడ్డు మీద పడ్డప్పుడు ఏడవని పిల్ల, పది రోజులన్న మాట వినగానే బొటబొటా ఏడ్చింది.

మిథున్ కంగారుగా వంగి చూశాడు. "బాగ నొస్తున్నదా?"

"నొప్పిది కాదు. మూడు వ్యాన్లున్నయి." ఆమె ఎడమ చేత్తో ముక్కు తుడుచుకుంది. "బడి వ్యాన్లు. ఎనుక లైట్లన్ని కొత్తగ ఎల్‌ఈడీలు పెట్టాలె. సోమవారం ఫిట్‌నెస్ టెస్టు. నా పేరు మీద దొరికిన మొదటి పని."

"సోమనర్సయ్యకు చెప్పరాదు?"

"చెప్తె ఆయన చేసినట్టయితది. మా బాపు ఒక్కటే మాటన్నడు. ఆదివారం పొద్దూకె వరకు నీ అంతట నువ్వు చేసి చూపెట్టు, రోడ్డు మీద రూముల నీకు షాపు పెట్టిస్త. కాకపోతె హైదరాబాద్‌ల మీ అన్న గణేశ్ ఇంటికి పో, ఏదన్న ఆఫీసుల చేరు. ఆడపిల్లకు గీ నూనె మరకలెందుకంటడు."

దవాఖాన వరండాలో ఫ్యాను గిరగిరా తిరుగుతోంది. తను నిర్లక్ష్యంగా మార్చిన రెండు వైర్లు ఒక మనిషి బతుకును ఏ మలుపు తిప్పబోతున్నాయో మిథున్‌కు అప్పుడు అర్థమైంది.

"నా చేతులున్నయి గదా," అన్నాడు.

"నీ చేతులా! వాటి ఎవ్వారం ఇప్పుడే చూసిన."

"చేతులే నావి. చెప్పుడు నువ్వు. రేపు రెండో శనివారం, నాకు సెలవు."

కల్యాణి అతన్ని కింది నుంచి పైదాకా చూసింది. అంత నిదానంగా పెళ్లిచూపుల్లో కూడా అతన్నెవరూ చూడలేదు.

"పొద్దుగాల ఏడింటికి రా. లేటయితె రాకు."

ఆరున్నరకే వచ్చాడు.

తండాలో ఆమె ఇంటి ముందు మూడు పసుపుపచ్చ వ్యాన్లు వరుసగా నిలబడి ఉన్నాయి. తండ్రి బీక్యా భూపాలపల్లిలో చుట్టాలింటికి పోయాడు. తల్లి లాలి వచ్చినవాడి వాలకం చూసి, ఏమీ అడగకుండా జొన్నరొట్టె, మిరపకాయ పచ్చడి పెట్టింది. పచ్చడి తిని మిథున్ కళ్లనీళ్లు పెట్టుకుంటే, కల్యాణి మంచం మీద కూర్చుని, "పనిల పడకముందే ఏడుపా?" అంది.

అప్పుడు మొదలైంది అతని చదువు.

ఆమె అతని చేతికి టెస్ట్ లైటొకటి ఇచ్చింది. స్క్రూడ్రైవర్ లాంటి దాంట్లో చిన్న బల్బు, తోకలా ఒక వైరు. తోకను ఇనుముకు తగిలించి, మొనను వైరుకు ఆనిస్తే, కరెంటున్న చోట బల్బు వెలుగుతుంది. అంతే. ఆ అంతేలో ఎంత ఉందో మిథున్‌కు ఊహకైనా తెలియదు.

"రంగులు నమ్మకు," అంది కల్యాణి. "ఎవడెవడు ఎన్నిసార్లు ఇప్పి కట్టిండో! వైరునే అడుగు. నేను లోపల బ్రేకు తొక్కుత. ఏది ఎలిగితె గదే బ్రేకు వైరు."

ఆమె లోపల తొక్కుతుంటే అతను వెనక వెతికాడు. ఒకటి, రెండు, మూడు. నాలుగో వైరుకు బల్బు భగ్గుమంది.

"ఎలిగింది!" అని అరిచాడు. లాలి ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చింది, ఏం అంటుకుందోనని.

మధ్యాహ్నం వాన మొదలైంది. వ్యాను వెనక టార్పాలిన్ పట్టా కట్టి, దాని కింద ఇద్దరూ ఇరుక్కున్నారు. కొత్త లైటు బిగించి ఇండికేటర్ వేస్తే, అది టకటకటక పిచ్చిపట్టినట్టు కొట్టుకోసాగింది. మిథున్ బెదిరిపోయాడు.

"కాల్చిన్నా? మల్ల ఖరాబ్ చేసిన్నా?"

"పరేషాన్ కాకు. పాత బల్బు బాగ కరెంటు తాగుతుండె. గిది జర్రంతనే తాగుతది. బండికి ఏమనిపిస్తదంటె, బల్బు మాడిపోయింది, డ్రైవర్‌కు చెప్పాలె అని. అందుకే గట్ల తొందరపడి కొట్టుకుంటది." ఆమె చిన్న డబ్బాలోంచి బొటనవేలంత బంగారు రంగు బిళ్ల తీసింది. "గీ రెసిస్టర్ పెట్టు, తక్కువబడ్డ కరెంటు గిది తాగుతది. ప్లాస్టిక్‌కు ఆనియ్యకు, బాగ కాగుతది. ఇనుపరేకుకు బిగియ్యి."

పెట్టాడు. ఇండికేటర్ నెమ్మదించింది. టక్... టక్... టక్. బండికి బెంగ తీరింది. మిథున్ నోరు తెరుచుకుని చూశాడు. బండి మాట్లాడుతుందనీ, దాని మాట వినగలిగిన మనుషులుంటారనీ అతనికి ఇరవై ఏడేళ్లలో ఎవరూ చెప్పలేదు.

"నోరు మూసుకో, వాన పడుతది," అంది కల్యాణి.

సాయంత్రానికి రెండు వ్యాన్లయ్యాయి. ఆమె లోపలికెక్కి బ్రేకు తొక్కింది. వానలో రెండు ఎర్రని వెలుగులు ఒక్కసారి విచ్చుకున్నాయి. తడిసిన నేల ఎర్రబడింది. మిథున్ చొక్కా ఎర్రబడింది. ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి, "వచ్చిందా?" అనడిగింది. జుట్టు మీద చినుకులు నిలిచి ఉన్నాయి.

మిథున్ ఆమెనే చూస్తూ నిలబడిపోయాడు. గుడిలో హారతి కళ్లకద్దుకునేటప్పుడు కలిగే నిశ్శబ్దం లాంటిది ఒంట్లోకి దిగింది. ఈ మనిషిని విడిచి తాను ఉండలేడు. ఆ సంగతి అతనికి అంత తేటగా తెలిసిపోయింది.

"ఓయ్, వచ్చిందా అంటున్న!"

"వచ్చింది," అన్నాడు. ఏం వచ్చిందో చెప్పలేదు.

ఆదివారం మూడో వ్యాను పీకల మీదికి తెచ్చింది. ఎవడో మహానుభావుడు వైర్లన్నీ నల్లవే వేసి పోయాడు. అతను గుర్తుగా ఒక్కో వైరు పేరూ కాగితం మీద రాసుకోబోతే, అన్నీ నల్లవే అయినప్పుడు రాసి ఏం లాభమని కల్యాణి వద్దంది. ఎడమ చేత్తో టెస్ట్ లైటు పట్టుకుని, అతన్ని లోపల కూర్చోబెట్టి, బ్రేకు, ఇండికేటర్, రివర్స్ ఒక్కొక్కటే వేయమంటూ, ఐదు వైర్లనూ ఐదు నిమిషాల్లో పట్టేసింది. ఆమె చూపించినవి చూపించినట్టు అతను కలిపాడు. అంతా వెలిగింది. ఎడమ లైటు వైర్లకు రబ్బరు స్లీవ్ తొడిగితే పని అయిపోయినట్టే.

అంతలో బీక్యా వచ్చాడు.

పొడుగాటి మనిషి, తలకు రుమాలు. వ్యాన్లను చూశాడు. కూతురి చేతి పట్టీ చూశాడు. మిథున్ చేతుల నిండా నల్లటి జిడ్డు చూశాడు.

"పని ఎవలు చేసిన్రు?"

కల్యాణి నోరు తెరిచేలోపే మిథున్ ముందుకొచ్చాడు. "నా తప్పుకు ఆమె చెయ్యి బెణికింది కాకా. అందుకే నేను చేతులు పెట్టిన. తెలివంత ఆమెదే."

"చేతులు పెట్టినోనిదే గదా పని," అన్నాడు బీక్యా. గొంతులో కోపం లేదు. కూతుర్ని నమ్మాలనే ఉంది, కానీ కళ్లతో చూడని దాన్ని నమ్మడం అతనికి చేతకాదు. "పట్నం పిలగాళ్లకు ఫోన్ల చూసి గివన్ని వస్తయి."

కల్యాణి ముఖం పాలిపోయింది.

"అయితె ఒక పని చెయ్యిన్రి కాకా," అన్నాడు మిథున్. "ఆమెను లోపటికి పంపున్రి. గీ లైటు నేను ఇప్పి మళ్ల పెడత. నాకు వచ్చినట్టయితె పని నాదే."

కల్యాణి అతని వంక భయంగా చూసింది. తల్లి ఆమెను ఇంట్లోకి తీసుకుపోయింది.

మిథున్ ఐదు నల్ల వైర్లూ విప్పాడు. కావాలని చెడగొట్టే ఆలోచన అతనికి లేదు. ఒట్టేసి చెప్పొచ్చు, పాపం, చెమటలు కక్కుతూ ప్రయత్నించాడు. బీక్యాతో బ్రేకు తొక్కిస్తూ టెస్ట్ లైటు ఆనించాడు. బ్రేకు వైరని పట్టుకున్నది రివర్స్ వైరయింది. ఎర్త్ ఏదో మరిచిపోయాడు. అరగంటకు ఎలాగో కలిపి, "ఎనుక నిలబడి చూడున్రి కాకా," అని తాను లోపలికెక్కాడు.

బ్రేకు తొక్కాడు. బ్రేకు లైటుకు బదులు ఎడమ ఇండికేటర్ కన్నుకొట్టింది.

ఇండికేటర్ వేశాడు. రివర్స్ లైటు తెల్లగా వెలిగి ఆరింది.

బీక్యా వెనక నిలబడి చూశాడు. మీసాల కింద నవ్వు ఆగడం లేదు. "కల్యాణీ!" అని కేకేశాడు.

ఆమె వచ్చింది. వైర్లను చూసి నుదురు కొట్టుకుంది. ఎడమ చేత్తో ఒక్కో వైరునూ తాకుతూ, "గిది గిటు. గిది గటు. లాగకు, తిప్పు," అంటూ పోయింది. మిథున్ వేళ్లు ఆమె మాట వెంట నడిచాయి. మూడు నిమిషాలు పట్టిందో లేదో, మిథున్ మళ్లీ ఎక్కి తొక్కాడు. ఎర్రగా, నిండుగా, ఒక్కసారే వెలిగింది.

బీక్యా ఆ వెలుగునే చూస్తూ నిలబడ్డాడు. తన బిడ్డకు ఇంత వచ్చని ఇన్నేళ్లూ ఎదురుగా ఉండీ చూడలేదు. రుమాలు తీసి కళ్లొత్తుకున్నాడు.

"రేపే రూముకు సున్నమేపిస్త," అన్నాడు. "నీకు గింత వస్తదని నాకెందుకు చెప్పలే బిడ్డా?"

"చెప్తె ఇన్నవా బాపూ?" అంది కల్యాణి. అంతలోనే తండ్రి భుజం మీద తల ఆనించింది.

బీక్యా మిథున్ వైపు తిరిగాడు. "నీకైతె గింత గూడ రాదు. మరి గీడ ఏం పని పెట్టుకున్నవ్?"

మిథున్ చేతుల జిడ్డు ప్యాంటుకు తుడుచుకున్నాడు. "తప్పు చేసిన గదా అని నిన్న వచ్చిన కాకా. ఇయ్యాల మాత్రం కల్యాణి కోసమే వచ్చిన. గిసోంటి మనిషిని నేను యాడ చూడలే. ఆమె ఒప్పుకుంటె పెండ్లి చేసుకుంట."

లాలి చేతిలోని చెంబు చేతిలోనే ఉండిపోయింది. కల్యాణి వ్యాను వైపు తిరిగి లేని మరకను తుడవసాగింది.

"ఇంట్ల చెప్పినవా?" అన్నాడు బీక్యా.

మిథున్ అక్కడికక్కడే ఫోను తీశాడు. "అమ్మా, ఒకామెను చూసిన," అని మొదలుపెట్టి, వ్యాన్లూ, నల్ల వైర్లూ, కరెంటు తాగని బల్బులూ, ఆపకుండా చెప్పుకుపోయాడు. తండా పిల్ల అని కూడా చెప్పాడు. అటు సరోజన అంతా వింది. తర్వాత, "ఫోను ఆ పిల్లకియ్యి," అంది.

కల్యాణి ఫోను తీసుకుని అవతలికి నడిచింది. మిథున్‌కు ఒకవైపు మాటలే వినిపించాయి. "ఆఁ... నమస్తే... లేదు, ఎముక ఇరగలే... తిన్నడు... ఆఁ, కారం తినలేకపోయిండు... సరే... సరే..."

తిరిగొచ్చి ఫోను చేతిలో పెట్టింది.

"ఏమన్నది?"

"వచ్చే ఆదివారం రమ్మన్నది. మీ ట్రాక్టరు డబ్బాకు ఎనుక లైట్లు లేవంట."

"గంతేనా?"

"బాపును, యాడిని గూడ తోల్కరమ్మన్నది." యాడి అంటే తండా మాటలో అమ్మ; తల్లి వైపు చూసి చెప్పిందామాట. లాలి చెంబు కింద పెట్టి, కొంగుతో నోరు మూసుకుని నవ్వింది.

"మరి నువ్వేమంటవ్ కల్యాణీ?" మిథున్ ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు. "నువ్వింక ఏం చెప్పలే."

కల్యాణి అప్పుడు తలెత్తి, నేరుగా అతని కళ్లలోకి చూసింది.

"నేను నిన్న వానలనే ఒప్పుకున్న. గప్పుడే చెప్తె నీ చేతులు వణుకుతయని ఊకున్న. ఇంక ఒక వ్యాను మిగిలి ఉండె."