దండ పడ్డ ఫొటోలు

హుజూరాబాద్‌ల పాత జిన్నింగ్ మిల్లు మీద ఒక అర్ర ఉన్నది. దానికి మంచి పేరు లేదు. చీకటి పడ్డంక ఆ మెట్లు ఎవ్వలూ ఎక్కరు.

ఒకప్పుడు అండ్ల ఓంప్రకాశ్ అనేటాయన ఫొటో స్టూడియో ఉండె. ఆయనను పెండ్లిండ్లకు ఎవ్వలూ పిలువకపోదురు. ఇంట్ల ఎవలన్న పోతేనే పిలిచెటోళ్లు — పీనుగను గోడకు కూసోపెట్టి ఆఖరి ఫొటో తీసేటందుకు. ఆ అర్రల్నే ఒకనాడు ఆయన కూడ పోయిండు. గప్పటిసంది ఊర్ల ఒకటే మాట... ఆయన ఇంకా ఫొటోలు తీస్తనే ఉన్నడట. ఆయన కన్ను ఎవలి మీద పడితే వాళ్ల ఫొటోకు దండ పడతదట.

కిరాయి తక్కువని లక్ష్మీరాజం సారు అండ్లనే ఆఫీసు పెట్టిండు. చుట్టుపక్కల ఊర్ల వార్తలేసే వెబ్‌సైట్ ఆయనది. పేజీలన్నీ చూసుకునేది కావ్య. ఈ ముచ్చట నాకు చెప్పింది ఆమెనే.

వానకాలం. ఒకనాడు పొద్దుగూకంగ సారు ఇంటికి పోతపోత, "పేజీలు ఒక్కోటి ఒక్కో తీరుగున్నయి కావ్యా. అన్నిటిని ఒక్క తీరుగ చెయ్యి" అన్నడు.

సైట్ల శీర్షికలు మస్తుగున్నయి. పెండ్లిండ్లు, పుట్టినరోజులు, ఎవుసం, కొలువులు, గల్ఫ్ కబుర్లు... దేని టెంప్లేట్ దానిదే. టెంప్లేట్ అంటే ఇంకేం లేదు — ఫొటో ఏడ రావాలె, అంచు ఎట్లుండాలె, కింద ఏ మాట పడాలె అని ముందుగాల్నే చేసిపెట్టిన అచ్చు. ఒక్కోదానికి మార్చుకుంట కూసుంటే తెల్లారుతది. కావ్య అన్ని శీర్షికలకు ఒక్కసారే టిక్కు పెట్టింది. అన్నిటికి ఒకటే టెంప్లేట్ ఇచ్చి... సేవ్ కొట్టింది.

వేరే వార్తలు ఎక్కించుకుంట కూసున్నది. గంట దాటినంక కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద కంప్యూటర్ ఒక్కటే వెలుగుతున్నది.

పనెట్లొచ్చిందో చూద్దామని పెండ్లిండ్ల పేజీ తెరిచింది.

పెండ్లికొడుకు, పెండ్లిపిల్ల నలుపు తెలుపుల ఉన్నరు. ఫొటోకు పూలదండ. పక్కన దీపం.

పుట్టినరోజుల పేజీ తెరిచింది. ఏడాది పిల్లగాడు నవ్వుతున్నడు... దండ. ఎవుసం పేజీ తెరిచింది. అంగట్ల మంచి ధర పలికిన బర్రె — దానికి కూడ దండే! కింద పెద్ద అక్షరాలు: వారి ఆత్మకు శాంతి కలగాలి.

ఓంప్రకాశ్ కన్ను పడ్డది... ఊరంత మీద పడ్డది, అనుకున్నది కావ్య.

గల్ఫ్ కబుర్ల పేజీ తెరిచింది. మొన్ననే మస్కట్ నుంచి వచ్చిన కొండల్ ఫొటో. గుబురు మీసాలు, ఎడమ బుగ్గ మీద మచ్చ... చుట్టూ దండ.

మెట్ల మీద చప్పుడైంది.

ఒక్కొక్క మెట్టే... మెల్లగ. తలుపు తెరుచుకున్నది. వానకు తడిసి ముద్దయిన మనిషి. కంప్యూటర్ వెలుగు ఆయన మొఖం మీద పడ్డది — గవే మీసాలు. గదే మచ్చ.

"అక్కా..." గుసగుసగ అన్నడు. "నేనెప్పుడు సచ్చిపోయిన?"

కావ్య కుర్సీ తన్నేసి గోడకు అంటుకపోయింది. "నాకేం ఎర్కలే అన్నా... పో... నీకు దండం బెడత!"

"యాడికి పోవాలె? దోస్తులు నన్ను కాలవెట్టేటందుకు కట్టెలు తేను పోయిండ్రు. మా అవ్వ నన్ను పక్కకు పెట్టుకోని అందరికి ఫోన్ల చెప్తున్నది, బతికే ఉన్నడని. ఒక్కలు నమ్ముతలేరు."

తుమ్మిండు. రెండుసార్లు తుమ్మిండు. దెయ్యాలకు పడిశం పట్టదు గదా... కావ్యకు జర పానం లేసొచ్చింది. మెల్లగ కంప్యూటర్ కాడికి వచ్చి, తను ఏ టెంప్లేట్ ఇచ్చిందో చూసింది.

శ్రద్ధాంజలి శీర్షికది. టెంప్లేట్ల పేర్లు పక్కపక్కన ఉంటే తెలువక దాన్నే ఇచ్చింది.

"మాఫ్ చెయ్యన్నా! ఇప్పుడే మార్చేస్త" అని ఒక్కొక్క శీర్షికకు దాని అచ్చు దానికి పెట్టుడు షురూ చేసింది.

కొండల్ కుర్సీల కూసోని, తన ఫొటో కింద జనం రాసినవి ఫోన్‌ల చదువుకుంటున్నడు. "పర్శరాములు నాతోని మాట్లాడక ఏండ్లయింది. బంగారమసొంటి మనిషని రాసిండు..." గొంతు తగ్గించిండు. "అక్కా... నాదొక్కటి తెల్లారేదాక గిట్లనే ఉంచరాదు?"

గప్పుడే ఆఫీసు ఫోన్ మోగింది. కావ్య ఎత్తి, స్పీకర్ పెట్టింది.

"జమ్మికుంట నుంచి... దీపికను. గాయిన... ఎట్ల పోయిండు?" ఆడివిల్ల ఎక్కెక్కి ఏడుస్తున్నది.

కొండల్ లేచి నిలవడ్డడు. మొన్న పెండ్లిచూపులకు పోయి చూసొచ్చిన పిల్ల. పిలగాడు నచ్చలేదని కబురు పంపిన పిల్ల.

ఫోన్ గుంజుకున్నడు. "దీపికా... నేనే. కొండల్‌ను. ఏడ్వకు."

అటు దిక్కునుంచి ఒక్కటే కేక. ఫోన్ నేల మీద పడ్డ చప్పుడు. తర్వాత... ఏం లేదు.

మాఘమాసంల ఆళ్లిద్దరి పెండ్లయింది. ఈ నడుమ ఒకసారి ఆళ్లింటికి పోతే, నేను దీపికనే అడిగిన — ఫోన్‌ల ఈయనే అని నమ్మేటందుకు ఎన్ని దినాలు పట్టింది, అని.

లోపట కొండల్ దేనికో గట్టిగ అరుస్తున్నడు. ఆమె చాయ్ కప్పు నా చేతిల పెట్టి, అటు ఒకసారి చూసి, నా దిక్కు వంగి మెల్లగ అన్నది —

"ఇంకా నమ్మలేదన్నా. గా రాత్రి మాట్లాడినాయన మస్తు నెమ్మదస్తుడు."