సేవ్ బటన్ దాకా

"సరిగ్గా పన్నెండింటికి వాళ్ల కంప్యూటర్ షూటర్‌కి ఆర్డర్ పంపుతుంది. టార్గెట్ మీ బావ," అన్నాడు చీఫ్.

ఏజెంట్ పిచ్చుక కాఫీ కప్పు పక్కన పెట్టేశాడు. అక్క మొగుడు రెండేళ్లుగా విదేశీ ముఠాలో దూరి మనకు రహస్యాలు పంపుతున్నాడు. ఎవరో పట్టించారు.

"ఫోన్ చేసి చెప్పేద్దాం సార్!"

"లైన్ వాళ్లు వింటున్నారు. షూటర్ మీ బావ ఎదురింట్లోనే ఉన్నాడు. వాళ్ల డేటాబేస్‌లో మీ బావ చనిపోయినట్టు మార్చు. పోయినవాడి మీదకి ఆర్డర్ వెళ్లదు. లోపల ముత్యాల మేడమ్ సాయం చేస్తుంది. డబుల్ ఏజెంట్, మనవైపే."

పదకొండున్నరకు ఏసీ మెకానిక్ వేషంలో పిచ్చుక ముఠా ఆఫీసు చేరాడు. రెండు పేటల ముత్యాలు, మత్తెక్కించే సెంటు. మేడమ్ ఎదురొచ్చింది.

"ఏసీ చప్పుడు చేస్తోందా?"

"లేదు, గురక పెడుతోంది."

కోడ్ కలిసింది. ఆమె ఇచ్చిన లిప్‌స్టిక్ మూత తిప్పితే పెన్‌డ్రైవ్.

"ఇందులో టూల్ ఉంది. రికార్డు చూపిస్తే వెబ్ ఫారం అదే తయారుచేస్తుంది. మార్చి, అడుగున సేవ్ నొక్కు."

పిచ్చుక వాళ్ల కంప్యూటర్ ముందు కూర్చుని, పెన్‌డ్రైవ్ పెట్టి బావ రికార్డు చూపించాడు. అడుగంటూ ఉంటే కదా! బావ పేరు, చిరునామా, బతికున్నాడా లేదా, పోతే భార్యకు సంతాపం పంపాలా... అన్నీ వచ్చాయి. ఆ కింద 'పట్టించిన వ్యక్తి'. ఆ పెట్టెలో ఇంకో ఫారం. దాని లోపల 'పట్టుబడిన వ్యక్తి', అంటే మళ్లీ బావ. బావలో మళ్లీ పట్టించిన వ్యక్తి. పిచ్చుక కిందకి జరుపుతున్నకొద్దీ ఫారం పెరుగుతూనే ఉంది. ఏ పేరూ చదివేంతసేపు తెర మీద నిలవడం లేదు.

పదకొండూ యాభై. వేలు పీకుతోంది.

"ఏ దిక్కుమాలినవాడు రాశాడ్రా దీన్ని!"

బాంబులు విప్పడం నేర్పిన ట్రైనింగ్‌లో ఈ తలనొప్పి గురించి ఒక్క ముక్క చెప్పలేదు. అక్క మొహం గుర్తొచ్చి, ఉక్రోషంతో అతనికి కళ్లనీళ్లు తిరిగాయి.

పదకొండూ యాభై ఏడు. టూల్ సెట్టింగ్స్ తెరిచాడు. 'ఎంత లోతు వరకు?' అన్న చోట ఖాళీ. హద్దు చెప్పకపోతే అది ఆగేదెలా? 2 కొట్టాడు.

ఫారం టక్కున ఆగింది. బావ, బావను పట్టించిన మనిషి, అడుగున సేవ్. ఆ రెండో మనిషి ఫొటోలో మెడలో రెండు పేటల ముత్యాలు!

వెనక పిస్టల్ క్లిక్‌మంది.

"పన్నెండు దాకా నిన్ను కుర్చీలో కూర్చోబెట్టడానికే ఆ టూల్ ఇచ్చాను," నవ్వింది మేడమ్.

పిచ్చుక ఏసీ గ్యాస్ డబ్బా ఆమె మొహం మీదకి తెరిచాడు. పిస్టల్ జారింది. దగ్గుకుంటూ ఆమె గేటు వైపు పరిగెత్తింది. వెంటపడితే బావ దక్కడు. అతను కుర్చీ వదల్లేదు. బావ ఫారంలో 'చనిపోయాడు'. మేడమ్ ఫారంలో 'గేటు పాస్' టిక్ తీసేశాడు. రెంటికీ ఒకటే సేవ్. నొక్కాడు.

పన్నెండుకు రెండు సెకన్లు. 'ఆర్డర్ రద్దయింది.'

కింద గేటు మేడమ్‌కి తెరుచుకోలేదు. చీఫ్ మనుషులు ముఠాను మొత్తం చుట్టబెట్టారు.

పన్నెండుంపావుకి అక్క ఫోన్.

"ఒరేయ్, మీ బావ పోయారని సంతాపం మెసేజ్ వచ్చిందిరా!"

ఆ టిక్ తీయడం మర్చిపోయాడు. పిచ్చుక తల పట్టుకున్నాడు.

"అయ్యో! ఏడ్చావా అక్కా?"

"ఎక్కడ ఏడవను? కళ్లజోడు కనిపించక, ఆయన చేతే చదివించుకున్నాను."